బొమ్మ నిలబడే కొండ

బయట చలి కొరికేస్తున్నా గ్యారేజీ తలుపు బార్లా తెరిచే ఉంది. కారు ఉండాల్సిన చోట కోట బురుజులు, కూలిన గుడి, చిత్తడి నేల, చెక్క వంతెన. చాలావరకు జానెడు ఎత్తు దాటవు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు సెలవు దొరికితే ఇక్కడే ఉంటాడు. "మావయ్యా, దేన్నీ ముట్టుకోకండి" అని దారిలోనే హెచ్చరించాడు. ఇంటాయన మాత్రం నేను అడుగుపెట్టగానే నా చేతిలో ఓ కొండ పెట్టాడు. బరువే తెలియలేదు.

ఆయన రాలీ సైకిళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. మన ఊళ్లలో ఒకప్పుడు దర్జాగా తొక్కిన ఆ రాలీయే. ఇక్కడ తయారీ 2002లో ఆగిపోయింది. ఇప్పుడు ఈ ఊరి పేరు వేరే లోకంలో మోగుతోంది: 1983లో వచ్చిన వార్‌హామర్ ఆట సొంతదారు గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఇక్కడి లెంటన్‌లోనే ఉంది. వార్‌హామర్ అయినా, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయినా బల్ల మీద పాచికలతో ఆడే ఆటలే. బొటనవేలంత మాంత్రికులు, రాక్షసులు, విలుకాళ్లు. వాళ్లు తిరిగే నేలను టెర్రైన్ అంటారు. కంపెనీ దాన్ని ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెల్లో అమ్ముతుంది. ఈయన కొనడు. ఆ కంపెనీ పత్రిక వైట్ డ్వార్ఫే ఒకప్పుడు డియోడరెంట్ డబ్బాతో గాల్లో తేలే ట్యాంకు చేయడం నేర్పిందని నవ్వుతూ గుర్తుచేశాడు.

చేతికందిన దానితో లోకం కట్టడం ఈ ఆటలకు పుట్టుకతో వచ్చిన గుణమే. హెచ్.జి. వెల్స్ 1913లో లిటిల్ వార్స్ రాసేనాటికే పిల్లల చెక్కదిమ్మలతో బొమ్మ సైనికులకు ఊళ్లు కట్టాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ అమెరికాలోని లేక్ జెనీవాలో తన ఇంటి నేలమాళిగలో ఇసుక బల్ల పెట్టుకున్నాడు. చవక ప్లాస్టిక్ బొమ్మల పొట్లంలో దొరికిన ఓ వింత ఆకారమే ఇనుముకు తుప్పు పట్టించే జంతువై ఆటలోకొచ్చింది.

ఈయన ముడిసరుకు ఇంటి గోడలకు చలి తగలకుండా వేసే గట్టి ఫోమ్ పలక. మన థర్మకోల్‌కి దగ్గరి చుట్టమే కానీ గుళ్లు గుళ్లుగా రాలిపోదు. సన్నటి నిక్రోమ్ తీగలో కరెంటు పారించి దాన్ని కోస్తాడు. నిజానికి తీగ కోయదు, కరిగించుకుంటూ పోతుంది. ఆ పొగ పీల్చకూడదనే చలిలోనూ తలుపు తీసిపెట్టడం. పెన్సిల్‌తో నొక్కి రాతి వరసలు గీశాడు. తర్వాత నలిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండను గోడ మీద దొర్లించాడు. అంతే, నున్నటి ఫోమ్ మీద వందేళ్ల గరుకుదనం లేచింది. నేను అక్కడే ఆగిపోయాను. ఈ పనిలో దీన్ని మించిన గారడీ లేదు.

స్ప్రే రంగు కొట్టకూడదు. అందులోని ద్రావకం ఫోమ్‌ను తినేస్తుంది. అందుకే తెల్ల జిగురులో నల్లరంగు కలిపి ముందు దట్టంగా పూస్తాడు. అది ఆరాక బూడిదరంగు. చివరికి లేతరంగు అద్దిన కుంచెను గుడ్డకు తుడిచి తుడిచి, దాదాపు పొడిగా అయ్యాక గోడ మీద ఆడిస్తాడు. రంగు రాళ్ల అంచులకే అంటుకుంటుంది, సందులు నల్లగానే మిగులుతాయి. ఎండబెట్టిన టీ పిప్పి రాలిన ఆకులవుతుంది. పిల్లుల పళ్లెంలో పోసే మట్టి గుళికలు బండరాళ్లు. గోధుమ చేను దేనితో చేశాడో చెప్పనక్కర్లేకపోయింది, కోనసీమలో పుట్టినవాణ్ణి. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే కొబ్బరి పీచు పట్టాను ముక్కలుగా కోశాడు. అడుగున చీటీ చూస్తే మేడ్ ఇన్ ఇండియా.

మావాడు చేసిన కొండ కూడా ఆ బల్ల మీదుంది. నాకు అన్నిటికంటే అదే అందంగా కనిపించింది, నిటారుగా, పగుళ్లతో. ఇంటాయన ఓ విలుకాణ్ణి దాని మీద నిలబెట్టాడు. జారిపోయాడు. మన బొమ్మల కొలువులో బొమ్మ పెట్టిన చోటే ఉంటుంది. ఇక్కడది కొండెక్కాలి, గుమ్మంలో దూరాలి. కాళ్ల కింద 25 మిల్లీమీటర్ల బిళ్ల ఉంటుంది కనుక ప్రతి మెట్టూ దానికి సరిపోవాలి. ఇంటి కప్పు ఊడిరావాలి, లోపలికి మనిషి చెయ్యి పట్టాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అంగుళం గడి అంటే ఐదడుగులు. గీతలు గీసినట్టు కనిపించకుండా ఆ గడుల్ని ఆయన రాతిపలకల సందుల్లోనే దాచేశాడు. పెట్టెల్లో అమ్మే శిథిలాలు ఎంత ముచ్చటగా ఉన్నా, ఈ బల్ల మీద ఆడే నలుగురి అవసరం వాటికేం తెలుసు? ఆయన చాకు తీసి మావాడి కొండకు రెండు మెట్లు చెక్కాడు. వాడి ముఖం చూడాలి.

ఆట మొదలైన కాసేపటికే గొడవ. సగం ఒళ్లు గోడచాటున ఉంటే రక్షణకు 2 కలుస్తాయి, ముప్పాతిక చాటైతే 5. మావాడి బొమ్మ కూలిన గోడ వెనక నక్కింది. ఇద్దరూ బల్లకు చెంప ఆనించి శత్రువు కంటి ఎత్తు నుంచి చూశారు, తేలలేదు. "మావయ్యా, మీరు చెప్పండి" అన్నాడు. నేనూ వంగి చూసి, ముప్పాతికేనన్నాను. ఇంటాయన ఒప్పుకోలేదు. నేను వాడి మేనమామనట, నా సాక్ష్యం చెల్లదట.