పెళ్ళిచూపుల్లో సాఫ్ట్‌వేరు

"మా అబ్బాయి శాప్‌లో ఉన్నాడండీ" అని చెప్పుకునే తల్లులు మన చుట్టాల్లో ఎంతమంది లేరు! అమీర్‌పేట సందుల్లో నాలుగు నెలలు కోచింగు తీసుకుని, అమెరికాకో జర్మనీకో ఎగిరిపోయిన పిల్లలకు లెక్కేలేదు. మా పెద్దత్తయ్య మాత్రం ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, "శాపమేమిటే, నిక్షేపంలాంటి కుర్రాడికి!" అని నొచ్చుకుంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. తరువాత, నేను పనిచేసే కంపెనీలో ఆ రకం సరుకును చూసి కొనే కమిటీలో ఎనిమిది నెలలు కూర్చున్నాక, పెద్దవాళ్ళ నోటిమాటను మరీ తీసిపారెయ్యకూడదనిపించింది.

ఇంతకీ ఆ సరుకేమిటంటారా? ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ అని నోరు తిరగని పేరు. పొట్టిగా ఇ.ఆర్.పి. గార్ట్‌నర్ అనే అమెరికా సంస్థ 1990లో ఆ పేరు పెట్టింది. సరుకు మాత్రం అంతకు ముందునుంచే ఉంది. 1972లో జర్మనీలో ఐ.బి.ఎం. ఉద్యోగాలు వదులుకున్న ఐదుగురు ఇంజనీర్లు పెట్టిన కంపెనీయే ఈ శాప్. పేర్ల సంగతి అలా ఉంచి, ఒక ఉమ్మడి కుటుంబాన్ని తలుచుకోండి. బియ్యం బస్తాలు వచ్చాయని మామగారు వాకిట్లో కూర్చుని డైరీలో రాస్తారు. డబ్బిచ్చిన మరిది తన పుస్తకంలో రాసుకుంటాడు. వండే కోడలు డబ్బా మూత తీసి చూసి, లెక్క మనసులో పెట్టుకుంటుంది. నెలాఖరుకు ఈ మూడు లెక్కలూ కలవవు. కలవనప్పుడు అనుమానం ఎవరి మీదకు పోతుందో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ మూడింటికీ బదులు ఒక్కటే పుస్తకం ఉండి, ఎవరు ఒక ముక్క రాసినా తతిమ్మా వాళ్ళకు ఆ క్షణాన్నే కనపడితే ఎలా ఉంటుంది? వేలమంది పనిచేసే కంపెనీకి అలాంటి పుస్తకమే ఇ.ఆర్.పి.

మా కంపెనీలో 2011 నాటికి నాలుగు పుస్తకాలుండేవి. స్టోర్సుకొక ప్రోగ్రాము, కొనుగోళ్ళకొకటి, ఫ్యాక్టరీకొకటి, మా లెక్కల విభాగానికొకటి. ఒకదాని మొహం ఒకటి చూసేది కాదు. మాకు అట్టపెట్టెలు సరఫరా చేసే ఆవిడ ఒకరుండేవారు. భర్త పోయాక ఆ చిన్న కార్ఖానాను తనే నెత్తిన వేసుకుని, ఏడుగురు పనివాళ్ళతో నడుపుకొస్తున్నారు. ఒకసారి 500 పెట్టెలకు ఆర్డరిస్తే లారీలో 480 పట్టాయి. అందులో పన్నెండు దారిలో వానకు తడిశాయి. బిల్లు మాత్రం అలవాటు చొప్పున 500కే వచ్చింది. కొనుగోళ్ళ వాళ్ళు 500 అంటారు, స్టోర్సు వాళ్ళు 480 అంటారు, నాణ్యత చూసినవాడు 468 అంటాడు. కాగితాలన్నీ ఒక్క మాట మీదికి వస్తే తప్ప మేము చెక్కు రాయడానికి వీల్లేదు. ఆ ఒక్క మాటకు డెబ్భై రోజులు పట్టింది. ప్రతి సోమవారం ఆవిడ వచ్చి, మా గది బయట బెంచీ మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. గట్టిగా అడిగే మనిషి కూడా కాదు. "శనివారం కూలీలివ్వాలమ్మా" అనేవారు, అంతే. తప్పు ఎవరిదని అడిగితే ఎవరిదీ కాదు. అందుకే ఆ కాగితం ఎవరి బల్ల మీదా నిలవలేదు.

అదిగో, ఆ ఏడే కమిటీ వేశారు. తొమ్మిది మందిమి. ఆడదాన్ని నేనొక్కదాన్నే. ముగ్గురు అమ్మకందార్లు వచ్చారు. అచ్చం పెళ్ళిచూపులే అనుకోండి. కాకపోతే ఇక్కడ చూపులకొచ్చిన వాళ్ళే ఫలహారాలు పట్టుకొచ్చారు, అవీ పెద్ద హోటలు నుంచి! మేము ముందుగానే 612 ప్రశ్నల పట్టిక పంపాం, 'మీ సాఫ్ట్‌వేరు ఈ పని చేస్తుందా' అంటూ. ముగ్గురూ ఇంచుమించు అన్నిటికీ 'చేస్తుంది' అనే రాసి పంపారు. మార్కులు కూడితే ముగ్గురికీ నూటికి తొంభై పైనే. 'అబ్బాయికి అలవాట్లేమైనా ఉన్నాయా' అని అడిగితే 'కాఫీ కూడా తాగడండీ' అనరూ? ఇదీ అంతే. లెక్కల మనిషిని గనక నాకు మార్కులంటే గౌరవమే. కానీ అందరికీ తొంభై వచ్చే పరీక్షలో ఎవరు చదివారో, ఎవరు చదవలేదో ఎలా తెలుస్తుంది?

తరువాత డెమో. తెర మీద ఆర్డరు వెళ్ళింది, సరుకు మొత్తం వచ్చింది, బిల్లు దానికి సరిగ్గా సరిపోయింది, పచ్చదీపం వెలిగింది. వానే పడని ఊరు, లారీ ఎప్పుడూ ఆగిపోని రోడ్డు. మా పెద్దాఫీసరుగారు ముచ్చటపడి తలూపుతూనే ఉన్నారు. ఇలాంటి ముచ్చట కోర్టుకెక్కడం కూడా ఉంది సుమండీ. అమెరికాలో ఊళ్ళ చెత్త ఎత్తే పెద్ద కంపెనీ, వేస్ట్ మేనేజ్‌మెంట్, 2008లో శాప్ మీద దావా వేసింది. డెమోలో తమకు చూపించింది నిజంగా పనిచేసే సాఫ్ట్‌వేరు కాదనీ, చూపుల కోసం తయారుచేసిన ఉత్త బొమ్మ అనీ ఆరోపణ. పది కోట్ల డాలర్లకు పైగా నష్టపోయామన్నారు. శాప్ వాళ్ళు అదేం కాదన్నారు. 2010లో ఇద్దరూ రాజీపడ్డారు గనక ఎవరి మాట నిజమో కోర్టు తేల్చనే లేదు.

రెండో రోజు నేను చెయ్యెత్తాను. "బాబూ, 500 పెట్టెలకు ఆర్డరిచ్చాం. 480 వచ్చాయి. పన్నెండు తడిశాయి. బిల్లు 500కు వచ్చింది. ఇప్పుడు మీ పచ్చదీపం ఏం చేస్తుందో చూపించండి" అన్నాను.

మొదటివారు చిరునవ్వు నవ్వి, "అది కస్టమైజేషన్‌లో చూసుకుందాం మేడమ్" అన్నారు. ఆ ముక్కకు అర్థం నాకప్పటికే తెలిసింది. టైలరు 'కొంచెం ఆల్టరేషన్ చేసిస్తానమ్మా' అన్నట్టే. దానికి డబ్బు వేరే. మూడోవారు ఇంకా గట్టివారు. "అలాంటి సందర్భాలు మా సిస్టంలో రావు మేడమ్" అన్నారు. అంటే వాన వాళ్ళ అనుమతి తీసుకుని కురుస్తుంది కాబోలు!

రెండో కంపెనీ తరఫున వచ్చిన ఒక అమ్మాయి, ఇరవై ఆరేళ్ళుంటాయేమో, రెండు రోజులు గడువడిగింది. ఆ రెండు రోజులూ మా స్టోర్సులో, గుమాస్తాగారి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మూడోనాడు తెర మీద 480 వచ్చినట్టు ఎక్కించింది, తడిసిన పన్నెండింటినీ పక్కన పెట్టించింది, 500 బిల్లును 468 దగ్గర ఆపి, మిగతా ముప్ఫై రెండింటికీ డెబిట్ నోటు తీసింది. అంతా బాగానే ఉందిగానీ, ఇంత చేయడానికి తెర పదకొండుసార్లు మారింది. మా గుమాస్తాగారు వెనకనుంచి, "అమ్మాయ్, ఇవతల లారీ డ్రైవరు హారను కొడుతుంటే నేను పదకొండు తెరలు మార్చాలా?" అన్నారు. ఆ పిల్ల దాచలేదు. "ఎక్కువేనండీ. అయిదుకు తగ్గించొచ్చు, అంతకన్నా తగ్గదు" అంది. నా మార్కులు నేను అక్కడే వేసేశాను.

ఇహ ధర సంగతి. లైసెన్సు ధర చూసి కమిటీలో నలుగురు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అసలు ఖర్చు అది కాదు. ఇది వెండికంచం కొన్నట్టు కాదు, ఆవును కొన్నట్టు. గడ్డి వెయ్యాలి, దాణా పెట్టాలి, పాలేరును పెట్టుకోవాలి. ఏటేటా లైసెన్సు ధరలో సుమారు అయిదో వంతు నిర్వహణ రుసుము. తెచ్చి నిలబెట్టే కన్సల్టెంట్ల ఫీజులు, పాత లెక్కల బూజు దులపడం, పనివాళ్ళకు నేర్పించడం, అన్నీ కలిపితే మా పట్టికలో లైసెన్సు వాటా నాలుగో వంతు కూడా కాలేదు. బూజంటే ఉత్తమాట కాదు. ఒకే అర అంగుళం బోల్టు మా స్టోర్సులో పదకొండు పేర్లతో ఉంది! ఈ మధ్య ఆవును అమ్మడం తగ్గించి, క్లౌడు పేరుతో నెలవారీ పాలు పోస్తున్నారు. గడ్డి బెడద లేదు, నిజమే. కానీ పాలధర పెరిగిందని ఖాతా మానేద్దామంటే, మన గిన్నెలన్నీ వాళ్ళింట్లో ఉంటాయి.

కమిటీలో అన్నిటికన్నా పెద్ద రగడ దేనిమీదంటే, కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేరు మన పద్ధతికి మారాలా, మనమే దాని పద్ధతికి మారాలా అని. కోడలు మారాలా, ఇల్లు మారాలా అన్న పాత తగాదాయే. మా కమిటీ కూర్చున్న 2011లోనే జర్మనీలో లిడ్ల్ అనే పెద్ద సరుకుల దుకాణాల కంపెనీ శాప్‌తో కొత్త పద్ధతి మొదలుపెట్టింది. ఆ సాఫ్ట్‌వేరు సరుకు నిల్వల విలువను అమ్మే ధర చొప్పున కడుతుంది. లిడ్ల్ వారిది మొదటినుంచీ కొన్న ధర చొప్పున కట్టే ఆచారం. ఆచారం వదులుకోలేదు, సాఫ్ట్‌వేరునే కోసి కుట్టించారు. ఏడేళ్ళు గడిచి, సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక, 2018లో ఆ పని మొత్తం మానుకుని పాత పద్ధతికే వెళ్ళారని అక్కడి పత్రికలు రాశాయి.

అలాగని ప్రతి కోడలికీ ఇల్లంతా అప్పజెప్పమని నేనననండోయ్. ఇంటి ఆచారాల్లో కారణమున్నవి కొన్ని, ఊరికే ఉన్నవి కొన్ని. మా గేటు పాసు మీద అయిదు సంతకాలుండాలి. ఎందుకని అడుగుతూ పోతే, ఎప్పుడో ఒక ఆఫీసరుకు ఇంకో ఆఫీసరు మీద నమ్మకం లేక పెట్టించారని రిటైరైన ఒక పెద్దమనిషి చెప్పారు. వాళ్ళిద్దరూ పోయి కూడా పదేళ్ళయింది. అవి మానేశాం. చిన్న సరఫరాదార్లకు ముందు డబ్బివ్వాలన్న పద్ధతి మా పాత ఛైర్మన్‌గారిది. అది తీసెయ్యడానికి నేను ఒప్పుకోలేదు. ఆ ఒక్కదానికి మాత్రం 'ఆల్టరేషన్' డబ్బులు కట్టించాను.

మొదలుపెట్టే ముహూర్తం దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. మా సరుకు దసరా, దీపావళి ముందే సగం అమ్ముడవుతుంది. పెద్దలు సెప్టెంబరులో మొదలుపెడదామన్నారు. అప్పుడు నేను హెర్షీ వారి కథ చెప్పాను. అమెరికాలో పేరున్న చాక్‌లెట్ల కంపెనీ అది. అక్కడ అక్టోబరు ఆఖర్న హాలోవీన్ అని పిల్లల పండుగ. మనకు దీపావళికి మతాబుల్లా వాళ్ళకప్పుడు మిఠాయిలు. నాలుగేళ్ళ పనిని రెండున్నరేళ్ళకు కుదించి, మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లు కలిపి, 1999 జూలైలో, సరిగ్గా పండుగ ఆర్డర్లు వచ్చే వేళకు మీట నొక్కారు. గోదాముల్లో చాక్‌లెట్లున్నాయి, దుకాణాల్లో మాత్రం లేవు. సుమారు పది కోట్ల డాలర్ల సరుకు ఆర్డర్లకు అందించలేకపోయారు. ఆ మూడు నెలల లాభం నూటికి పంతొమ్మిది తగ్గింది. విచిత్రమేమిటంటే అదే హెర్షీ, అదే శాప్ కొత్త రూపాన్ని 2002లో ఏ గొడవా లేకుండా పెట్టుకుంది. ఆ కథ విన్నాక మా ముహూర్తం జనవరికి జరిగింది.

అన్నట్టు, అసలు సంగతి మరిచాను. సంతకం పెట్టే ముందు, ఆ సాఫ్ట్‌వేరు వాడుతున్న మరో కంపెనీకి వెళ్ళి చూసొచ్చాం. పెద్దలందరూ అక్కడి పెద్దల గదిలో జీడిపప్పు తింటూ కూర్చున్నారు. నేను మా గుమాస్తాగారిని వెంటబెట్టుకుని వాళ్ళ స్టోర్సుకు పోయాను. అక్కడి గుమాస్తా తెర మీద అన్నీ చకచకా చూపించాడు. వచ్చేసే ముందు మావారు, అదే, మా గుమాస్తాగారు, ఊరికే అన్నట్టు, "సొరుగులో ఏముంది బాబూ?" అని అడిగారు. అతను అటూ ఇటూ చూసి, సొరుగు లాగాడు. నీలి అట్ట పొడుగాటి పద్దుపుస్తకం. ఆనాటి తారీకు దాకా రాసి ఉంది. "కంప్యూటరు వాళ్ళ కోసమండీ. ఇది నాకోసం" అన్నాడు. ఎన్ని పేజీలు రాస్తున్నావంటే, మొదటి ఏడాది రోజుకు ఆరు, ఇప్పుడు అర పేజీ అన్నాడు. 612 ప్రశ్నల పట్టికలో నాకు దొరకని జవాబు అది.

రెండోవారినే తీసుకున్నాం. 2012 జనవరిలో మొదలైంది. మొదటి మూడు రోజులూ లారీలు గేటు దగ్గర బారులు తీరాయి. నాలుగోనాటికి కదిలాయి. ఫిబ్రవరిలో అట్టపెట్టెల ఆవిడ బిల్లు పంతొమ్మిది రోజుల్లో తేలి డబ్బు ముట్టింది. మర్నాడే ఆవిడ దగ్గరనుంచి ఫోను. సంతోషం చెబుతారనుకుని రిసీవరెత్తాను.

"ఎనిమిది పెట్టెలకు డబ్బు తగ్గించారేమమ్మా? నేను దగ్గరుండి లెక్కపెట్టించి పంపాను" అన్నారు ఆవిడ, ఎన్నడూ లేనంత గట్టిగా.

ఆ మాట గుమాస్తాగారికి చెప్పాను. తెర మీద ఎనిమిది తక్కువని స్పష్టంగా కనబడుతూనే ఉంది. ఆయన అటు చూడనైనా లేదు. కళ్ళజోడు సవరించుకుని, సొరుగు లాగారు.