గాయపడినవాణ్ణి ఎక్కడ నిలబెట్టాలి?



2025 నవంబరు 18న ఢాకాలో మన దేశపు ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడిపోయింది. ఆ పొరుగు దేశం మనమీద గెలిచి అప్పటికి 22 ఏళ్లు. ఆ వారం యవ్వనస్థుల కూడిక మొదలయ్యేముందు మన పిల్లలు ఫోన్లు పట్టుకుని ఒకటే గోల. వీళ్లు సాయంత్రాలు మంగినపూడి ఇసుకలో బంతి ఆడేవాళ్లే. "అందర్నీ తీసిపారెయ్యాలి అయ్యగారూ, ఒక్కడూ పనికిరాడు" అన్నాడు ఒక తమ్ముడు.

వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. ఆ గోలు పడింది 11వ నిమిషంలోనే. తర్వాత ఇంచుమించు 80 నిమిషాల ఆట ఉంది. అంత సమయం చేతిలో ఉండి ఒక్క గోలు తిరిగి కొట్టలేకపోవడం లోపమే. లోపాన్ని లోపమని చెప్పాలి. కానీ "పనికిరాడు" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎందుకో చివర చెబుతాను.

ఆ పిల్లలకు 1962 సంగతి చెప్పాను. జకార్తాలో ఏషియన్ గేమ్స్. మన జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన గురించే. ఆ జట్టులో సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ కూడా ఉన్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. అప్పుడే ఫోన్లు ఉంటే మన తమ్ముళ్లు ఆ రాత్రే అందర్నీ ఇంటికి పంపేసేవారు!

తర్వాత థాయిలాండ్‌తో ఆట. గెలిచారు గాని, వెనక కోటగోడలా నిలబడే డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలింది. కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి ఇంక పక్కన కూర్చోబెట్టడమే కదా ఎవరైనా చేసేది? రహీం గారు సెమీఫైనల్లో అతన్ని మళ్లీ దింపారు. అయితే పాత చోట కాదు. వెనక ఆడేవాణ్ణి తీసుకెళ్లి ముందు వరుసలో, గోలు కొట్టేవాడి స్థానంలో నిలబెట్టారు. జర్నైల్ ఆ ఆటలో గోలు కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా జనం, వాళ్లంతా మనవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. మొదట పి.కె. బెనర్జీ ఒక గోలు కొట్టాడు. రెండోది ఆ తలకు కుట్లున్న జర్నైల్ కొట్టాడు. చివర్లో కొరియా ఒకటి వేసినా 2-1తో మనమే గెలిచాం. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మళ్లీ ఇంతవరకు మనకు బంగారు పతకం రాలేదు. రహీం గారు మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి. మన సంఘంలో స్త్రీల కూడిక నడిపించే ఒక సహోదరి ఉంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, పేరు రాయను. రెండేళ్ల క్రితం ఎదిగిన కొడుకును పోగొట్టుకుంది. పాట మొదలుపెడితే గొంతు పూడుకుపోయేది. నేను జాలిపడి, "అమ్మా, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి" అని ఆ పని వేరొకరికి అప్పగించాను. మేలు చేశాననే అనుకున్నాను. కొన్నాళ్లు నెలలయ్యాయి. ఆమె వచ్చి వెనక చాపమీద కూర్చుని, ఆరాధన అయిపోగానే వెళ్లిపోయేది. ఒక ఆదివారం గుమ్మం దగ్గర ఆగి అడిగింది: "అయ్యగారూ, నేనింక దేవుని పనికి పనికిరానా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆమె గాయాన్ని చూశాను గాని, గాయపడిన ఆమెకు తగిన చోటు ఏదని ప్రభువును ఒక్కసారీ అడగలేదు. విశ్రాంతి అన్న మంచి పేరుతో ఆమెను ఆటలోనుంచి తీసేశాను.

యోహాను సువార్త 21వ అధ్యాయం తీసి చదవండి. అక్కడా సముద్రపు ఒడ్డే, మన ఊరిలాగే వలలు, చేపలు. మూడుసార్లు ప్రభువును ఎరుగనన్న పేతురు అక్కడ ఉన్నాడు. ప్రభువు అతని తప్పును దాటవేయలేదు, మూడుసార్లు అడిగాడు. కానీ అడిగిన ప్రతిసారీ మందను అతని చేతికే అప్పగించాడు. చేపలు పట్టేవాడు కాపరి అయ్యాడు.

ఇప్పుడు ఆ సహోదరి పాటలు నడిపించడం లేదు. ఎవరి ఇంట మరణం జరిగినా నాతోపాటు వస్తుంది. నేను వాక్యం చెప్పినా ఆగని ఏడుపు, ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. నా చదువు ఇవ్వలేనిది ఆమె గాయం ఇస్తోంది.

ప్రియులారా, మీ ఇంట్లో పరీక్ష తప్పిన కొడుకు ఉన్నాడేమో, చెరువులో నష్టపోయి తల దించుకున్న అన్న ఉన్నాడేమో. వాళ్ల లోపం చెప్పండి, తప్పులేదు. పనికిరాడని మాత్రం అనకండి. ఈ వారం వాళ్ల చేతికి ఒక పని అప్పగించండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.