కొక్కెమును కళ్ళెమును

ఇల్లాలికి బండ్లసంగతి యేల యని కొందఱనవచ్చును. బండిలో గూర్చుండు బిడ్డలు తనవారైనప్పుడు ఆ సంగతి యామెదియే యగునని మా యభిప్రాయము. నేడు మన తెలుగు ఆడపడుచు లెందఱో అమెరికాలో కాపురములు చేయుచున్నారు. అచ్చట సెలవులు వచ్చినంతనే పడకలు, పొయ్యి, నీటితొట్టి గల చిన్నయింటివంటి బండిని కారు వెనుక తగిలించుకొని కొండలకును సరస్సులకును పోవుట వాడుక. దానిని క్యాంపరు ట్రైలరందురు.

టెక్సాసులోనున్న మా చెల్లెలు అట్టి బండి నొకదానిని కొనదలచి నిరుడు మాకు ఫోను చేసినది. "అక్కా, మా కారు వెనుకనున్న కొక్కెపుగొట్టము 1¼ అంగుళములది. బండికి 2 అంగుళములది కావలెనట. నడుమ అడాప్టరు వేసిన చాలునని దుకాణదారు చెప్పుచున్నాడు. బ్రేకు కంట్రోలరు అక్కఱలేదని మీ మరిది. నీవేమందువు?" అని యడిగినది.

మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. అయినను ఎడ్లబండి నెఱిగిన దేశమువారము. బరువు వెనుకకు హెచ్చినచో కాడి పైకి లేచును. ముందునకు హెచ్చినచో ఎడ్లమెడలు క్రుంగును. పల్లమున బండి యెడ్లమీదికి త్రోసికొని వచ్చును. ఎద్దునకైనను కారునకైనను ఈ ధర్మ మొక్కటియే.

కావున మొదట అంకెలు చదువుమంటిమి. సామానులతో బండి బరువు 3,800 పౌనులు. కొక్కెముపై వ్రాసిన హద్దు లాగుటకు 3,500, మోయుటకు 350. బండి నిలుకడగా రావలెనన్న దాని బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్ళు కొక్కెముపై నానవలెను. తక్కువైనచో వేగమున బండి యిటునటు ఊగి కారునే త్రిప్పివేయగలదు. 3,800 లో పదవవంతే 380! అనగా ఆ కొక్కెము రెండులెక్కలకును చాలదు. అడాప్టరు గొట్టపుకొలతను మార్చును గాని బలమును పెంపజాలదు. కారు, కొక్కెము, అడాప్టరు, గుండు, వీనిలో దేని యంకె తక్కువయో అదియే మొత్తమునకు హద్దు. గుండుకూడ 1⅞, 2, 2 5/16 అంగుళములని పలువిధములు. బండి మూతికి తగినదానికంటె చిన్నగుండు పెట్టినచో కుదిరినట్లే కనుపించి, గతుకులో ఎగిరి యూడివచ్చును.

ఇక బ్రేకుల మాట. మరిది ఫోను తీసికొని, "వదినగారూ, టెక్సాసులో 4,500 పౌనులు దాటని బండికి బ్రేకులను చట్టము కోరదు గదా" యనినాడు. అనేక రాష్ట్రములలో ఆ హద్దు 3,000 పౌనులే. సరిహద్దు దాటినంత మాత్రమున పల్లము మాఱునా? చట్టము చెప్పునది కనీసము. కారులో నున్నది మన యిద్దఱు పిల్లలు. ఆ బండిచక్రములలో విద్యుత్తుచే పనిచేయు బ్రేకు లున్నవి. కంట్రోలరు లేనిదే అవి యున్నను లేనట్లే. నాలుగుసూదుల తీగముడి దీపములకు మాత్రమే. బ్రేకునకు ఏడుసూదులది కావలెను. నాలుగింటిని ఏడుగా మార్చు అడాప్టరు తగిలించినంతనే బ్రేకుతీగలోనికి విద్యుత్తు రాదు.

కంట్రోలరులు రెండుతెగలు. ఒకటి, తొక్కినది మెల్లగానో గట్టిగానో చూడక, ముందు నిర్ణయించినట్లు క్రమముగా విద్యుత్తును పంపును, ధర తక్కువ. రెండవది కారు తగ్గు వేగమును కనిపెట్టి అంతకు తగినట్లు బండిని ఆపును. కొండదారులకు రెండవదియే మేలు. దేనికైనను చేతిమీట యుండవలెను. బండి యూగినప్పుడు కారు బ్రేకు తొక్కక, మీటతో బండి నొక్కదానినే మెల్లగా పట్టవచ్చును.

మరిది యోపికగా విన్నాడు. వారి కారు 5,000 పౌనులు లాగగలదని పుస్తకములో చూచి, పాతకొక్కెమును తీయించి 2 అంగుళములదియే వేయించినాడు. రెండవతెగ కంట్రోలరును పెట్టించినాడు. ప్రయాణము నాలుగుదినములు వెనుకబడినది, ఖర్చు పెరిగినది. చెల్లెలు దానికి చింతింపలేదు.

బిడ్డలు దూరదేశములందున్న తల్లులారా! వారు బండి కట్టుచున్నారని వినినప్పుడు ఈ నాలుగుమాటలు తప్పక యడుగుడు. నిండుబరువెంత? అన్నిటిలో చిన్నయంకె యేది? గొలుసులు బండిమూతి క్రింద అడ్డముగా మార్చి తగిలించిరా? బండి యూడిపోయినచో దానంతటది బ్రేకు వేసికొను తాడును, దాని బ్యాటరీని పరీక్షించిరా? అడిగినందుకు నవ్వినను నవ్వనిండు. జవాబు చెప్పువఱకు ఫోను పెట్టకుడు.