విమానాశ్రయమున నొక భోజనము

గత వేసవియందు ఉపాధ్యాయుల సభకై ఢిల్లీ నగరమునకు పోవుచు, మేము శంషాబాదు విమానాశ్రయమున రెండు గంటలు వేచియుండవలసి వచ్చెను. 2008వ సంవత్సరము మార్చి నెలలో ప్రారంభమైన విమానాశ్రయమిది. ఆకలిగొని అచ్చటి బర్గరు దుకాణమునకు పోతిమి. బర్గరనగా రెండు రొట్టెముక్కల నడుమ వేయించిన కూరముద్దయో కోడిమాంసమో యుంచిన తినుబండారము. జర్మనీ దేశపు హాంబర్గు పట్టణమునుబట్టి ఆ పేరు వచ్చినది. అచట వడ్డించువారుండరు. గోడపై వెలుగుచున్న పలకను చదివి, కావలసినది చెప్పి, ముందుగా వెల చెల్లించి, పళ్లెరమును మనమే మోసికొనవలయును.

ఆ పలకయెదుట నొక యువకుడు చాలసేపటినుండి నిలిచియుండెను. వెనుకనున్నవారు విసుగుకొనుచుండిరి. అతడు మమ్ము చూచి, "సారూ! నన్ను గుర్తుపట్టితిరా?" అనెను. తొమ్మిదవ తరగతి చదివి, సెలవులకు పోయి తిరిగి రాని కోరుట్ల బాలుడు! ముంబయి మీదుగా దుబాయికి కట్టడపు పనికై పోవుచున్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫు దేశములకు మనుష్యులను పంపని పల్లె యరుదు గదా!

ఇరువురకును మేమే కొంటిమి. మేము వెంటనే తినబోగా, వాడు చేతులు జోడించి, తల వంచి కూర్చుండెను. "ప్రార్థన చేయరా సారూ?" వసతిగృహమున మేము నేర్పిన యలవాటే యది. అంతమందిలో సిగ్గుపడి మేము మానితిమి; వాడు మానలేదు. అప్పుడు ప్రార్థించితిమి.

"మా యమ్మ వేయి బీడీలు చుట్టినను ఆ కూలి వీటి వెలకు చాలదు" అని నవ్వుచు, వాడు సగము తిని, తక్కినది కాగితమున చుట్టి సంచిలో పెట్టుకొనెను. ఆ సంచిలో వాని పాసుపోర్టు కనబడెను. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములకు పనికై పోవలెనన్న, 1983వ సంవత్సరపు వలసల చట్టము ననుసరించి, సాధారణముగా ప్రభుత్వానుమతి వేరుగా పొందవలయును. ఆ నియమము కూలివారి రక్షణకొరకే. అయినను ఇంకొక్క యేడు చదివియున్నచో వానికది అక్కరలేకపోయెడిది.

"ఏల మానితివి నాయనా?" అని యడిగితిమి.

"నాయనకు జబ్బు చేసెను. అప్పులైనవి. మీరు వచ్చి యడుగుదురేమోయని పది దినములు ఎదురుచూచితిని సారూ."

మాకు ఆ ముద్ద గొంతు దిగలేదు. ఆ పది దినములలో మేము చేసినది యేమి? హాజరు పట్టికలో వాని పేరుమీద ఎర్రసిరాతో గీత గీచితిమి. కోరుట్ల మాకు దూరము కాదు; బస్సు దొరకని దినమును లేదు.

ముంబయి విమానమునకు పిలుపు వచ్చెను. వాడు వంగి మా పాదములంటి, సంచి భుజమున వేసికొని పోయెను.

తలిదండ్రులారా, ఇంట కష్టము వచ్చినపుడు బిడ్డను బడి మాన్పించుటకు ముందు మాకొక మాట చెప్పుడు. మేమును ఈ సంవత్సరమునుండి, ఎర్రసిరా ముట్టుటకు ముందు, ఆ బిడ్డ యింటి వాకిట నిలుచుచున్నాము.