అబ్బా ఓట్స్, మోతీ స్నానం

ముందే చెప్పేస్తున్నా, మోతీ మా ఇంటి కుక్క కాదు, గల్లీ కుక్క. మా గడప దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. అమ్మీ రానివ్వదు కూడా. ఎదురుగా కుక్క వస్తోందంటే మన ఇళ్ళల్లో దుపట్టా కొంగు పైకి లాక్కుంటాం కదా, నేనూ అలా పెరిగినదాన్నే.

కిందటి ఎండాకాలం మోతీకి వీపు మీద వెంట్రుకలు ఊడిపోయి, చర్మం ఎర్రబడి పొలుసులు లేచాయి. రాత్రంతా గోక్కునేది. తహజ్జుద్‌కి లేచిన అమ్మీకి ఆ చప్పుడు వినిపించేది. "బేజుబాన్ జాన్వర్, దాని బాధ ఎవరికి చెప్పుకుంటుంది" అని ఓ పొద్దున తనే అంది. ఆ మాట పట్టుకుని నేను తొందరపడ్డాను. బకెట్ నీళ్ళల్లో కాస్త ఫినాయిల్ వేసి, బట్టల సబ్బుతో రుద్ది కడిగేశాను. ఘాటుగా వాసనొస్తేనే శుభ్రమైనట్టు అని నా నమ్మకం. మర్నాడు మోతీ నన్ను చూసి తోక ముడుచుకుని అరుగు కిందికి దూరింది. వీపు మీద రెండు చోట్ల చర్మం చిట్లి రసి కారుతోంది. ఆ జుల్మ్ చేసింది నేనే.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కుక్క ఒళ్ళు నాక్కుంటుందమ్మా. నువ్వు పైన పోసింది దాని కడుపులోకే పోతుంది" అంది. కుక్క చర్మం మన చర్మం కంటే పల్చనట. మన చర్మం కాస్త ఆమ్లం వైపు, పీహెచ్ 5.5 దగ్గర ఉంటే, దానిది 7కి దగ్గరగా ఉంటుందట. అందుకే మన షాంపూలు దానికి పడవు, బట్టల సబ్బు సంగతి చెప్పక్కర్లేదు. చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూసి, గజ్జి పురుగులున్నాయని ఇంజెక్షన్ వేసింది. మందు పురుగుకి, స్నానం దురదకి. ఒకటి చేసి రెండోది మానేస్తే లాభం లేదంది. ఆ గజ్జి మనుషులకూ అంటుతుందని గ్లౌజులు వేసుకోమంది.

ఇక స్నానానికి కావాల్సింది మా వంటింట్లోనే దొరికింది. అబ్బాకు షుగర్ కదా, డాక్టర్ చెప్పాడని ఓట్స్ ప్యాకెట్ తెచ్చి పెట్టాం. ఆయన దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు. చక్కెర, వాసన కలపని ఉత్త ఓట్స్ ఒక కప్పు మిక్సీలో మైదాలా పట్టాలి. ఒక చెంచా పొడి గ్లాసు నీళ్ళల్లో వేస్తే పాలలా తెల్లబడాలి. అడుగున రవ్వలా కూర్చుంటే ఇంకా పట్టాలన్నమాట. ఆ పొడి అర బకెట్ గోరువెచ్చని నీళ్ళల్లో కలిపి, మెడ నుంచి కిందికి పోస్తూ చేత్తో మెల్లగా పట్టించి, పది నిమిషాలు ఆగి మంచినీళ్ళతో కడిగేయడమే. మురికి ఎక్కువుంటే వాసన లేని పిల్లల షాంపూ ఒక చెంచా కలుపుతాను. ముఖానికి తడిగుడ్డ చాలు. ఇది ఏ రోజుకారోజు కలుపుకోవాలి, మిగిలితే పారబోయాలి. సీసాలో పెడితే పాడైపోతుంది.

కుంకుడు రసం మా నానీ కాలం నుంచి ఉన్నదే కదా అనుకున్నాను. కంట్లో పడితే మనకెంత మంటో చిన్నప్పుడు ఏడ్చిన వాళ్ళందరికీ తెలుసు. దానికైతే నోట్లోకీ పోతుంది. టీ ట్రీ నూనె అయితే కుక్కకు విషమే. చిట్లిన చర్మం మీద సిర్కా, నిమ్మరసం కూడా వద్దు.

పాకీ, నాపాకీ సంగతి మసీదు హజ్రత్‌ని అడిగించాను. పొడిగా ఉన్న కుక్క తగిలితే హనఫీ మస్లక్‌లో బట్టలు నాపాక్ కావు, లాలాజలం తగిలితే ఆ చోటు కడగాలి, తడిసి విదిలించుకుంటుంది కాబట్టి ఇహ్తియాత్‌గా బట్టలు మార్చుకోమన్నారు. బావిలోంచి జోడుతో నీళ్ళు తోడి దాహంతో ఉన్న కుక్కకు తాపిన మనిషి కిస్సా కూడా చెప్పి పంపారు. మనకు తెలిసిందే, చిన్నప్పుడు మద్రసాలో విన్నదే. విని, గల్లీలో కుక్కను రాయి పెట్టి కొట్టిన వాళ్ళమే.

ఇప్పుడు పాత షల్వార్ జత ఒకటి పెరట్లో మేకుకు వేలాడుతుంటుంది. జొహర్ చదివేశాక అది వేసుకుని, అసర్ లోపు పని ముగించి గుసుల్ చేస్తాను. మొదటి రోజు అమ్మీ "తౌబా తౌబా, కుత్తే కు నహ్లారీ క్యా తూ!" అని తలుపేసుకుంది. మూడోసారికి కిటికీ తెరిచింది. "చెవుల్లోకి పోనివ్వకే" అని అక్కణ్ణుంచే హుకుం. మొన్న చూస్తే అరుగు కింద అంచు పగిలిన మట్టి చిప్పలో నీళ్ళు. ఎవరు పెట్టారంటే ఎవరూ మాట్లాడలేదు.

మోతీ వీపు మీద గోధుమరంగు వెంట్రుకలు మళ్ళీ వస్తున్నాయి. నిన్న అబ్బా వంటింట్లోకి తొంగి చూసి, "ఓట్స్ మళ్ళీ అయిపోయాయా?" అన్నారు.

"అయిపోయాయి అబ్బా."

"అల్‌హమ్దులిల్లాహ్" అని ఇడ్లీ ప్లేటు ముందుకు లాక్కున్నారు.