బొమ్మ సరే... మిగతా సంగతో?

మన పెళ్లిళ్లలో ఒకప్పుడు ఫొటోలు తీసేవారు వేరు, వీడియో తీసేవారు వేరు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. ‘కాస్త పక్కకు జరగండి మాస్టారూ’ అని ఒకరు, ‘మీ ఫ్లాషు నా క్యాసెట్లో పడుతోందండీ’ అని ఇంకొకరు. ఆ ఇద్దరి వీపుల వెనక నుంచి మెడలు సాచి చూడటమే చుట్టాల వంతు! భుజం మీద బరువైన వీడియో కెమెరా, కళ్లు తెరవనివ్వని లైటు, వెనకాల వైరు చుట్టుకుంటూ నడిచే కుర్రాడు... గుర్తుందా ఆ హంగామా? తెనాలిలో నేను ఈ పనిలోకి అడుగుపెట్టింది ఆ వైరు పట్టుకునే కుర్రాడిగానే. ముప్ఫై ఏళ్లు దాటింది.

ఆ తగవు తీరే రోజులు 2008లో వచ్చాయి. ఫొటో కెమెరాకే వీడియో తీయడం నేర్పేశారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన నికాన్ డీ90 వీడియో తీయగలిగిన మొట్టమొదటి డీఎస్ఎల్ఆర్. నెల తిరక్కుండానే కేనన్ 5డీ మార్క్ 2ను ప్రకటించింది. విన్సెంట్ లాఫొరే అనే అమెరికా ఫొటోగ్రాఫర్ దాన్ని ఒక్క వారాంతానికి అరువు తెచ్చుకుని, న్యూయార్క్ రాత్రి వీధుల్లో ‘రెవరీ’ అనే చిన్న చిత్రం తీశాడు. అది చూసి ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. లక్షలు పోసినా దొరకని ‘సినిమా లుక్కు’ మెడలో వేసుకు తిరిగే కెమెరాలో దొరికిందే అని!

దాని గుట్టంతా సెన్సరు సైజులో ఉంది. మేం వాడిన పాత వీడియో కెమెరాల్లో వెలుతురును పట్టే సెన్సరు చిటికెన వేలి గోరుకన్నా చిన్నది. వెడల్పు సుమారు ఐదు మిల్లీమీటర్లు. 5డీ మార్క్ 2లో అది 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. విస్తీర్ణంలో యాభై రెట్లు! మామూలు సినిమా ఫిల్ము మీద పడే బొమ్మకన్నా కూడా పెద్దదే. అందుకే మసక వెలుతుర్లోనూ బొమ్మ తేటగా వస్తుంది. పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ పెడితే వెనకున్న ప్లాస్టిక్ కుర్చీలూ సీరియల్ బల్బులూ కరిగిపోయి రంగు చుక్కలైపోతాయి.

2010 మేలో అమెరికాలో ‘హౌస్’ సీరియల్ ఆరో సీజను ఆఖరి భాగాన్ని 5డీ మార్క్ 2తోనే తీశారు. కూలిన భవనం కింద ఇరుక్కున్న మనిషి దగ్గరికి పెద్ద కెమెరా దూరదు మరి! 2011లో రాంగోపాల్ వర్మ రవితేజ, ఛార్మీలతో ‘దొంగల ముఠా’ను ఇలాంటి కెమెరాలతోనే ఐదు రోజుల్లో తీసేశారు. ఆ ఏడాది చివర్లో నేనూ ఓ డీఎస్ఎల్ఆర్ కొన్నాను. ఇంటికి తెచ్చి పసుపూ కుంకుమా పెట్టి, మొదటి బొమ్మ మా ఆవిడదే తీశాను.

ఇక్కడిదాకా బొమ్మ కథ. మిగతా కథ కెమెరా చేతికొచ్చాక మొదలవుతుంది.

మొదటిది సమయం. 5డీ మార్క్ 2లో ఒక్కో వీడియో ముక్క నాలుగు గిగాబైట్లకు మించదు. అంటే దాదాపు పన్నెండు నిమిషాలకు ఆగిపోతుంది. తర్వాత వచ్చిన చాలా కెమెరాల్లో 29 నిమిషాల 59 సెకన్ల గీత గీశారు. అదేం లెక్క అంటారా? అరగంటా అంతకు మించీ రికార్డు చేసే కెమెరాను యూరప్‌లో ‘వీడియో కెమెరా’ కింద జమకట్టి సుంకం వేసేవారు. ఆ సుంకం తప్పించుకోవడానికి ఒక్క సెకను తగ్గించారన్నమాట! ఎక్కడో యూరప్ పన్నుకీ మన మాంగల్యధారణకీ ఇలా ముడిపడింది. సినిమావాళ్లకు ఇదో లెక్క కాదు. వెయ్యి అడుగుల ఫిల్ము రీలు తిరిగేది పదకొండు నిమిషాలే. వాళ్ల షాట్లు అర నిమిషం, నిమిషం. మాకు అలా కుదరదే! పంతులుగారిని ‘కట్’ అనలేం. అందుకే ముహూర్తానికి రెండు కెమెరాలు పెట్టేవాణ్ని. ఒకటి ఆగేలోపు రెండోదాని మీట నొక్కేవాణ్ని.

రెండోది అద్దం. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనక చిన్న అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చే దృశ్యాన్ని అదే మన కంటికి చేరుస్తుంది. చురుగ్గా ఫోకస్ చేసే యంత్రాంగానికీ వెలుతురు దాని ద్వారానే అందాలి. వీడియో మొదలుపెట్టగానే ఆ అద్దం పైకి లేచిపోతుంది. కన్ను పెట్టి చూస్తే అంతా చీకటి. వెనకున్న తెర మీదే చూసుకోవాలి. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఆ తెర మీద నా ముఖం తప్ప మరేం కనిపించేది కాదు. నల్లగుడ్డ కప్పుకుని తీస్తుంటే పిల్లలు చుట్టూ చేరి నవ్వేవారు. ఫోకస్ కూడా తడబడేది. పెళ్లికొడుకు రెండడుగులు ముందుకేస్తే చాలు, ముఖం మసక. సినిమాల్లో ఈ పనికోసమే టేపు పెట్టి దూరం కొలిచి లెన్సు తిప్పే మనిషి విడిగా ఉంటాడు. మాకు ఆ మనిషీ మేమే!

మూడోది చారలు. ఆ కెమెరా సెన్సరులో 2.1 కోట్ల చుక్కలుంటాయి. ఫుల్ హెచ్‌డీ వీడియోకి కావాల్సింది సుమారు 20 లక్షలే. అన్ని కోట్ల చుక్కల్నీ సెకనుకి ముప్ఫైసార్లు చదివే శక్తి అప్పటి చిప్పులకు లేక కొన్ని వరసల్ని వదిలేసేవి. దాంతో సన్న గళ్ల చొక్కా మీద, జరీ గీతల మీద లేని రంగుల అలలు పుట్టుకొచ్చేవి. పైగా బొమ్మను పైనుంచి కిందకు వరసల వారీగా చదువుతుంది కాబట్టి, కెమెరాను చటుక్కున తిప్పితే స్తంభాలు వాలిపోతాయి. తిరిగే ఫ్యాను రెక్కలు వంకర్లు పోతాయి. పక్కన ఎవరైనా ఫ్లాష్ కొడితే తెర సగం తెల్లబడి, సగం మామూలుగా ఉంటుంది.

మన కరెంటుతోనూ పేచీయే. మన ట్యూబులైటు సెకనుకి వందసార్లు మిణుకుమంటుంది. కంటికి తెలియదుగానీ కెమెరాకి తెలుస్తుంది. 5డీ మార్క్ 2 వచ్చిన కొత్తలో సెకనుకి 30 బొమ్మలే తీసేది. షట్టర్ వేగాన్ని కూడా తనే ఎంచుకునేది. 2009 జూన్‌లో ఆ పగ్గాలు మనిషి చేతికిచ్చారు. 2010 మార్చిలో 24, 25 బొమ్మల వేగం ఇచ్చారు. షట్టర్ సెకనులో యాభయ్యో వంతు దగ్గర పెడితే మన ట్యూబులైటు బుద్ధిగా ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక షార్ట్ ఫిల్ములో ఇల్లంతా మిణుకుమనిపించిన పిల్లలు ఇప్పటికీ కనిపిస్తుంటారు.

వీటన్నిటినీ మించింది మాట. శబ్దం! ఫొటోకి చెవులక్కర్లేదు కదా. అందుకే ఆ కెమెరాల్లో మైకు మొక్కుబడికి పెట్టిందే. చెవిలో పెట్టుకుని వినడానికి చాలావాటిల్లో హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటే ఉండేది కాదు. శబ్దం ఎంత పెట్టాలో కెమెరాయే నిర్ణయించుకునేది. చుట్టూ గోలగా ఉంటే తగ్గిస్తుంది, నిశ్శబ్దంగా ఉంటే పెంచేస్తుంది. పెళ్లిలో ఏమవుతుందో ఊహించండి. గట్టిమేళం మోగగానే గొంతు నొక్కేస్తుంది. మేళం ఆగి, పెళ్లికూతురు తల్లి ఏదో చిన్నగా అనబోయే క్షణానికి ‘స్...’ మంటూ హోరు అందుకుంటుంది. ఆవిడ మాట ఆ హోరులో కలిసిపోతుంది.

ఆ సంగతి తెలుసు కాబట్టి మొదటినుంచీ ఓ పద్ధతి పెట్టుకున్నాను. అరచేతిలో ఇమిడే వాయిస్ రికార్డరొకటి పెళ్లికూతురి తండ్రి చొక్కా జేబులో వేసేవాణ్ని. మొదలుపెట్టేముందు కెమెరాకి ఎదురుగా ఓసారి చప్పట్లు కొడతాను. తర్వాత కంప్యూటర్‌లో, చేతులు కలిసిన బొమ్మనీ చప్పుడునీ ఒకచోటికి చేరిస్తే బొమ్మా మాటా కలిసిపోతాయి. సినిమా షూటింగుల్లో క్లాప్ కొట్టేది అందుకే!

2012లో తీసిన ఓ పెళ్లి... తొమ్మిదేళ్ల తర్వాత ఆ అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. ‘అంకుల్, నాన్నగారు పోయి నెలయింది. అప్పగింతలప్పుడు నా చెవిలో ఏదో అన్నారు. ఏడుస్తూ ఉన్నాను, నాకు గుర్తులేదు. వీడియోలో పెదవులు కదులుతున్నాయిగానీ పాట వేశారు... మీ దగ్గర అసలు మాట ఉంటుందా?’ అనడిగింది. పాత హార్డ్ డిస్కులు తీసి కూర్చున్నాను. ఉంది! జేబులోని రికార్డరు పట్టుకుంది. ‘అన్నం టైముకి తినమ్మా. ఊరికే అయినా ఫోన్ చేస్తూ ఉండు.’ అంతే. పట్టుమని పది సెకన్లు లేదు. పంపించాను. రెండు రోజుల తర్వాత వాళ్లమ్మగారు ఫోన్ చేసి ‘అది రోజూ వింటోందండీ’ అన్నారు. ఆ పెళ్లిలో నేను తీసిన బొమ్మలు ఎంత బాగున్నాయో ఇద్దరిలో ఎవరూ అనలేదు.

సరే, అద్దం పోయింది. 2008 చివర్లో పానసోనిక్ జీ1తో మిర్రర్‌లెస్ కెమెరాలు మొదలయ్యాయి. ఆ తర్వాత ఏడాది వచ్చిన జీహెచ్1 వీడియో కూడా తీసింది. వీటిలో అద్దమే లేదు. కాబట్టి వీడియో తీస్తున్నా కన్ను పెట్టి చూడొచ్చు. 2014లో సోనీ ఏ7ఎస్ దాదాపు చీకట్లో బొమ్మ తీసి చూపించింది. అదే ఏడాది జీహెచ్4 తన కార్డు మీదే 4కే వీడియో రాసుకుంది. 2017లో జీహెచ్5 సమయం గీత చెరిపేసింది. రంగుల్లోనూ మెరుగైంది. అంతకుముందు ఒక్కో రంగులో 256 ఛాయలే. ఇది 1024 ఛాయలు పట్టింది. సాయంత్రపు ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు రాకుండా, రంగులు దిద్దుకోవడానికి ఈ తేడా ఎంతో ముఖ్యం. ఇప్పటి కెమెరాలు మనిషి కన్ను ఎక్కడుందో వెతికి మరీ ఫోకస్ పట్టుకుంటున్నాయి. 2020 తర్వాత కేనన్, నికాన్ కొత్త డీఎస్ఎల్ఆర్ తీసుకురాలేదు.

మరి చిక్కులన్నీ తీరినట్టేనా? కొత్తది వచ్చింది... వేడి! చిన్న పెట్టెలో పెద్ద సెన్సరు గంటలకొద్దీ పనిచేస్తే కాగిపోదూ? 2020లో వచ్చిన కేనన్ ఆర్5 23 డిగ్రీల వాతావరణంలో 8కే వీడియోను సుమారు 20 నిమిషాలు తీస్తుందని కంపెనీయే చెప్పింది. తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి కొంత నయం చేశారు. 23 డిగ్రీలు! మే నెలలో మన దగ్గర అర్ధరాత్రి కూడా అంత చల్లగా ఉండదు. ఓసారి ఓణీల ఫంక్షన్లో నా మిర్రర్‌లెస్ కెమెరా తెర మీద థర్మామీటర్ గుర్తు వెలిగింది. గొడుగు కిందకు చేర్చి, మా కుర్రాడి చేతికి తాటాకు విసనకర్ర ఇచ్చాను. ‘పెళ్లికొడుక్కి కూడా ఇంత మర్యాద చెయ్యరు సార్’ అన్నాడు వాడు విసురుతూ. ఇప్పుడు కొన్ని కెమెరాల్లో లోపలే ఫ్యాను పెడుతున్నారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే... మా వీధి చివర ఓ టైలరమ్మ ఉంది. కొడుకు డిగ్రీ అయ్యింది. సినిమా పిచ్చి. ఓ రోజు మా షాపుకొచ్చి, ‘అన్నయ్యగారూ, చీటీ పాడేశాను. లక్షన్నర వస్తుంది. వీడు ఆ కెమెరా లేకపోతే సినిమా తీయలేనంటున్నాడు. హాలీవుడ్‌లో కూడా దాంతోనే తీశారంట, నిజమేనా?’ అంది.

నిజమే. 2023లో ‘ది క్రియేటర్’ సినిమాను సోనీ ఎఫ్ఎక్స్3తో తీశారు. సుమారు నాలుగు వేల డాలర్ల కెమెరా. కానీ ఆ సినిమా ఖర్చు ఎనిమిది కోట్ల డాలర్లు! మిగతాదంతా ఎక్కడికి పోయిందో ఆ అబ్బాయికి కాగితం మీద రాసి చూపించాను. లైట్లు, లెన్సులు, శబ్దం, గ్రాఫిక్సు, నటులు, వందలాది మనుషులు. కెమెరా చేయలేనిదంతా వాళ్లు చేశారు. ‘లక్షన్నరా కెమెరాకే పెడితే, ఆ పనులన్నీ ఎవరు చేస్తారురా?’ అన్నాను. ‘నేనే చేస్తా మావయ్యా’ అన్నాడు మొండిగా. ‘అయితే ముందు అవి నేర్చుకో. మూడు నెలలు నాతో రా’ అన్నాను.

వచ్చాడు. రికార్డరు జేబులో పెట్టడం, చప్పట్లు కొట్టడం, ట్యూబులైటుతో రాజీపడటం, బ్యాటరీలు లెక్కపెట్టుకోవడం నేర్చుకున్నాడు. చివరికి ఓ పాత డీఎస్ఎల్ఆర్, ఒక లెన్సు, కాలర్‌కి పెట్టుకునే మైకు, స్టాండు, ఒక లైటు కొన్నాడు. అన్నీ కలిపి యాభై వేలు దాటలేదు. మిగిలిన డబ్బు వాళ్ల చెల్లి ఫీజుకి వెళ్లింది. తొమ్మిది నిమిషాల సినిమా తీశాడు. పండగ ముందురోజు రాత్రి అందరి బట్టలూ కుట్టి, తన పిల్లల బట్టలు కుట్టలేకపోయిన ఓ తల్లి కథ. కొన్ని చోట్ల ఫోకస్ జారింది. కానీ కుట్టుమిషను చప్పుడు ఆగి, ఆమె నిట్టూర్చిన శబ్దం స్పష్టంగా వినిపించింది. షాపులో చూస్తున్న టైలరమ్మ ‘అది నా మిషనే’ అంది... ఇంకేం మాట్లాడలేదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా కెమెరా కొనిపెట్టమంటే కాదనకండి. ఎన్ని మెగాపిక్సెళ్లు, 4కేనా 8కేనా అని అడగాల్సిన పనీ లేదు. అది వాళ్లకే బాగా తెలుసు. మీరు ఒక్కటే అడగండి... ‘మరి మైకో?’