స్టెంటు ముచ్చట దాయకు వదినె

ఏంది వదినె, పొద్దుగాల మీ ఇంటికొచ్చింది బీమా ఏజెంటే గద? అన్నకు హన్మకొండల స్టెంటు ఏసిన ముచ్చట ఫారంల రాయొద్దన్నడా? ఆ మాట మాత్రం ఇనకు. ఆయన కమీషన్ ఆయనకొస్తది, రేపేదన్న అయితే కాయితాలు పట్టుకొని తిరిగేది నువ్వు.

పాలసీ తీసుకున్న మూడేండ్లల్ల మనిషి పోతే కంపెనోళ్లు దవాఖాన కాయితాలన్ని తిరగేస్తరు. మూడేండ్లు దాటినంక పాలసీని తప్పు పట్టరాదని బీమా చట్టం 45వ సెక్షన్ల ఉన్నది, 2015ల మార్చిండ్రు. నిజమే గని, ఆ మూడేండ్లకు జిమ్మెదారెవలు?

ఉన్నదున్నట్టు రాస్తే ఏమైతది? డిశ్చార్జి కాయితం, ఈసీజీ, రక్త పరీక్షలు అడుగుతరు. కొన్నాళ్లు ఆగి రమ్మనచ్చు, కిస్తు ఎక్కువ కట్టమనచ్చు, అసలే కాదనచ్చు. ఒకలు కాదంటే ఇంకొకలు ఇయ్యచ్చు, అడిగిచూడు.

అన్నకు పాత పాలసీ ఉన్నదన్నవు గద, దాన్ని ఆగనియ్యకు! ఏడాదికోపారి కట్టేదైతే తారీఖు దాటినంక 30 రోజులే గడువు. ల్యాప్స్ అయినంక మళ్ల నడిపియ్యాల్నంటే ఆరోగ్యం ఎట్లున్నదో రాసియ్యమంటరు, ఆడ స్టెంటు అడ్డమొస్తది. కొత్త మొక్క నాటెతందుకు ఉరుకుడు కంటె కాసే చెట్టుకు నీళ్లు పోసుడు నయం.

ఇగ రైతు బీమా ఉండనే ఉన్నది. 2018 ఆగస్టుల మొదలైంది. పట్టా పాసుబుక్కు ఉండి, 18 నుంచి 59 ఏండ్ల నడుమ ఉంటే చాలు, ఎల్ఐసీకి కిస్తు సర్కారే కడతది. డాక్టరు పరీక్ష లేదు. పాము కరిచినా, గుండె ఆగినా, ఎట్ల పోయినా ఇంటోళ్లకు 5 లక్షలు. అన్న పేరు ఎక్కిందా, ఆధార్ల పుట్టిన తారీఖు సరిగ్గున్నదా, వ్యవసాయ శాఖ ఏఈవోను అడుగు. మా మరిదిది చూస్తే నామినీ కాడ ఎప్పుడో కాలం చేసిన మా అత్త పేరే ఉండె!

బ్యాంకుల ఇంకోటున్నది, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి. ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల బీమా. చేరెతందుకు 50 దాటొద్దు. అన్నకు దాటినయి గని, నీకింక టైమున్నది. చేరిన మొదటి 30 రోజులల్ల ప్రమాదమైతేనే ఇస్తరు, జబ్బుతోని పోతే ఇయ్యరు. బ్యాంకులనే ఏడాదికి 20 రూపాయల బీమా ఇంకోటున్నది సూడు, అది ఎప్పటికైనా ప్రమాదానికే, గుండెనొప్పికి రాదు. ఆరోగ్యశ్రీ దవాఖాన ఖర్చుకు. మన వాడకట్టుల సగం మంది ఇవన్ని ఒకటే అనుకుంటరు.

క్లెయిము కాదంటే ఏడ్సుకుంట కూసునుడు కాదు. ముందుగాల కంపెనీకే రాసియ్యాలె. ఇనకపోతే ఏడాది లోపట హైదరాబాద్ల బీమా అంబుడ్స్‌మన్ కాడికి పోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు.

మిరపకాయ ఏరుడు ఒడిసినంక గట్టమ్మకు మొక్కు తీరుస్తనన్నవట గద? తీర్చు, మంచిదే. గని ఏఈవో కాడికి అందాక ఆగకు, రేపే పో. అమ్మ సల్లగ సూస్తది, నామినీ పేరు మాత్రం మనమే రాయించుకోవాలె.